ఐదు ఒంగోలు స్ట్రాలు

3 జూన్ 2024

సమ్మమ్మ ఆవు ఎదకొచ్చింది. ధర్మసాగర్ చుట్టుపక్కల మిగిలిన ఒకే ఒక్క ఒంగోలు ఆవు. పద్నాలుగేళ్ళది. ఆమె పెనిమిటి పోశయ్య బతికుండగా ఒంగోలు దిక్కు నుంచి తోలుకొచ్చిన ఆవు సంతతిలో ఇదే ఆఖరుది.

నా నైట్రోజన్ క్యాన్‌లో ఉన్నవన్నీ జెర్సీ, హెచ్‌ఎఫ్ లాంటి సీమ జాతుల వీర్యం స్ట్రాలు. ఊరూరా తిరిగి చూలు సూదులు వేసే గోపాలమిత్రగా పద్దెనిమిదేళ్ళ నుంచి ఆవులకు వేస్తున్నవి అవే. ఒంగోలు సూది కావాలంటే పై ఆఫీసుకు ఇండెంట్ పెట్టి తెప్పించాలన్నాను. ఊళ్ళె ఒక్క కోడె లేకపాయె బిడ్డా అన్నది. ఎందుకు లేదో ఆమెకూ తెలుసు. సంకర జాతి కోసమని పెట్టిన 2011 క్యాంపులో నాటు కోడెలన్నిటికీ విత్తులు కొట్టింది నేనే. ఆమె ఇంటి ఒంగోలు కోడెతో సహా.

24 జూన్

మళ్ళీ ఎదకొచ్చింది. స్ట్రాలు రాలేదు. ఆమె కొడుకు కొమురెల్లి మొహం మీదే చెప్పాడు, ఇంకొక్కసారి చూస్త, చూలు కట్టకుంటే సంతకు తోలుత అని. ముసలి ఆవును సంతలో కొనేది కసాయి ఒక్కడే.

2 జూలై

సమ్మమ్మకు ఫోన్‌లో వీడియో చూపించాను. మన ఒంగోలు పశువులు ఓడలెక్కి బ్రెజిల్ పోయి నూరేళ్ళు దాటింది. అక్కడ వాటిని నెలోర్ అంటారు, మన నెల్లూరు పేరే. ఇప్పుడు కోట్లల్లో ఉన్నాయి. అదే మూపురం, అదే గంగడోలు. ఫోన్ రెండు చేతులతో పట్టుకుని చాలాసేపు చూసింది. మనయే గద, ఒక్క కోడెను అడుగుతే ఇయ్యరా అన్నది. రూల్స్ ఒప్పుకోవని ఏదో చెప్పాను. ఆడ గవి పాలిస్తయా, దున్నుతయా అని అడిగింది. రెండూ అన్నాను. మాంసానికి పెంచుతారన్నది దాచాను.

9 జూలై

స్ట్రాలు వచ్చాయి. ఐదు. ఇంకెవరూ ముట్టుకోవద్దని చిన్న క్యాన్‌లో వేసి ఇంట్లోనే పెట్టుకున్నాను.

15 జూలై, ఉదయం 7

డోర్నకల్‌లో బావమరిది ఇంట్లో బోనాలు. మూడు రోజులు ఉండిపోయాను. పోయే ముందు చిన్న క్యాన్‌లో నైట్రోజన్ నింపాలి. మరిచిపోయాను. అంతే, ఇంకో కారణం లేదు. ఇందాక మూత తీస్తే పొగ రాలేదు. అడుగంతా పొడి. ఆ చలి లేక ఐదు స్ట్రాలూ చచ్చిపోయాయి. ఆవు ఎదకొచ్చిందని సమ్మమ్మ ఇప్పటికే రెండుసార్లు ఫోన్ చేసింది.

అదే రోజు, 11

కొమురెల్లి పక్కనే నిలబడ్డాడు. చచ్చిన స్ట్రా వేస్తే చూలు నిలవదు, ఆవు సంతకు పోతుంది. నిజం చెప్పినా పోతుంది. ఏదో ఒక దూడ పుడితే ఆవైనా బతుకుతుందనుకున్నాను.

హెచ్‌ఎఫ్ వేశాను. రిజిస్టర్‌లో ఒంగోలు అని రాశాను. సమ్మమ్మ ఆవుకు దండం పెట్టి, ఇటు తిరిగి నాకూ పెట్టింది.

5 ఆగస్టు

ఎదకు రాలేదు.

16 అక్టోబర్

చెయ్యి పెట్టి చూశాను. చూలే. తెల్ల దూడ పుడితే పెనిమిటి పేరు పెడతానని సమ్మమ్మ వాడంతా చెప్పుకుంటోంది. ఇవాళ చెప్పేద్దామనే పోయాను. చాయ్ తాగి వచ్చాను.

ఈ వయసులో ఆ ఆవుకు ఇదే ఆఖరి ఈత. పోశయ్య తెచ్చిన వంశాన్ని రెండుసార్లూ నేనే తెంపాను. అప్పుడు పై నుంచి ఆర్డర్ ఉంది. ఇప్పుడు అది కూడా లేదు. నా బతుకు మీద నాకే అసహ్యంగా ఉంది.

23 ఏప్రిల్ 2025

నల్ల దూడ. మగది.

కొమురెల్లి నా మీదికొచ్చాడు. సమ్మమ్మే ఆపింది. పైనోళ్ళు తప్పు సూది పంపిండ్రు, ఈ సుదర్శన్‌కు ఏమెరుక, మనకోసం ఎంత తిరిగిండు పాపం అన్నది. నేను తలూపాను. మాట రాలేదని రాసుకుంటే అది ఇంకో అబద్ధం. నోటిదాకా వచ్చింది, మింగాను.

24 ఏప్రిల్

సమ్మమ్మ జున్ను పంపింది. ఫికర్ చెయ్యకు బిడ్డా అని చెప్పమన్నదట.

తిన్నాను. గిన్నెడూ తిన్నాను.