టీమ్ గ్రూపులో స్కాన్ ఫోటో

గురువారం, రాత్రి

ఫోన్‌లో కాపీ చేసింది ల్యాప్‌టాప్‌లోకి కూడా వచ్చేస్తుందని ఈ పొద్దున నాకు గుర్తే లేదు. డాక్టరమ్మ ఇచ్చిన స్కాన్ ఫోటో మా ఆయనకు పంపుదామని ఫోన్‌లో కాపీ చేశాను. అంతలో మేనేజర్ యాదగిరి గారు ఎర్రర్ స్క్రీన్‌షాట్ అడిగారు. ల్యాప్‌టాప్‌లో అంతకుముందే కాపీ చేసి పెట్టుకున్నాను కదా, అదే అనుకుని టీమ్ గ్రూపులో పేస్ట్ చేసేశాను.

“ఏందమ్మా గిది? ఎర్రర్ అడిగితే బిడ్డ ఫోటో పంపినవ్!” అని ఆయన ఒకటే నవ్వు. అందరికీ స్వీట్లు కూడా తెప్పించారు. సిగ్గుతో చచ్చాను గానీ, ఎంత సంతోషమో!

సాయంత్రం కూకట్‌పల్లి వెళ్లి అత్తయ్యకు చెప్పాను. ఆవిడ కళ్లనీళ్లు పెట్టుకుని, “మూడో నెల దాటేదాకా బయట ఎవరికీ చెప్పకమ్మా,” అన్నారు.

అలాగేనన్నాను. మా టీమ్‌లో సగం మంది ఉండేది ఆవిడ కాలనీలోనే...