ఎం-శాండ్ పోసిన తొట్టి

గురువారం, రాత్రి

ఈ రోజు బామ్మర్ది కేశవను కొట్టాను. షిఫ్టు దిగి ఇంటికొచ్చేసరికి చేపల తొట్టిలో కొత్త ఇసుక మెరుస్తోంది.

"పాతది గబ్బు కొడతా ఉండె బావా. బాగలూరు సైటు నుంచి ఎం-శాండ్ తెచ్చి, బాగా కడిగి పోసినాను," అన్నాడు.

అది బండరాయిని పిండి చేసిన గరుకు ఇసుక. నా చేపలు ఇసుకను నోట్లోకి తీసుకుని, మొప్పల్లోంచి వదులుతూ మేత వెతుక్కుంటాయి. మొప్పలు కోసుకుపోయి నెత్తురు కారుతున్నా అదే ఇసుకను మళ్లీ మళ్లీ నములుతున్నాయి. కోపంతో నాకు కళ్లు కనపడలేదు. వాడి తల గోడకేసి కొట్టాను. వాళ్లక్క అడ్డం పడకపోతే నా పెళ్లాం తమ్ముణ్ణి నేనే చంపేసేవాణ్ణేమో.

వాడు చేయెత్తలేదు. నోట్లోని నెత్తురు వాకిట్లో ఉమ్మి, వెనక్కి తిరిగి అడిగాడు.

"చేపలు బతుకుతాయి కదా బావా?"