కోతల పండుగ బల్ల మీద ఈత నిక్కరు

తమ్ముడు ఎడ్వర్డ్‌కు,

అక్క రాస్తున్న. ప్రభువు నిన్ను సల్లగ సూడాలె. నాకైతే నీ మొఖం సూడబుద్ధి అయితలేదు, అందుకే గీ ఉత్తరం.

కోతల పండుగ నాడు చర్చిల ఎవలి కష్టం వాళ్లు బల్ల మీద పెడ్తరు, తర్వాత వేలం పాడ్తరు. రాహేలు వదిన గుమ్మడికాయలు పెట్టింది. యోహాను మామ కోడిపుంజును తెచ్చిండు. నేను నా చేతులతోని కుట్టిన నీలం రంగు ఈత నిక్కరు మంచిగ మడతేసి పెట్టిన. దూలపల్లిల నీ కుట్టు షెడ్డుల నేను పండించే పంట గదే గద! నువ్వు ఉరికొచ్చి దాన్ని గుమ్మడికాయల కింద దాసినవ్. పాస్టరయ్యతోని "మా అక్కకు జర తలకాయ సక్కగ లేదు" అన్నవ్. ఇప్పుడు నేనే మాఫీ అడుక్కుంట చర్చికి కాయితం రాసియ్యాలె అంటున్నవా?

మొగోళ్లకు గవే నిక్కర్లు తొడిగి ఫోటోలు తీసినవ్, ఇంటర్నెట్ల పెట్టి దునియా మొత్తానికి అమ్ముతున్నవ్. అప్పుడు రాని సిగ్గు, మన చర్చిల నలుగురు సూస్తే ఏడికెల్లి వచ్చింది? పిల్లల గౌన్ల యాపారమని అందరికి చెప్పుకుంటున్నవంట. థూ!

మాఫీ నేనైతే రాయను. దేవుని ముంగట పెట్టగూడని బట్ట నేనెందుకు కుట్టాలె? జర్మనీ ఆర్డరు ఎల్లుండి పోవాలన్నవ్ గద. నా మిషన్‌కు దారం ఎక్కించి పెట్టిన. తలకాయ సక్కగున్నోనివి, ఇగ నువ్వే కూసొని కుట్టు.

అక్క