అందింది, ఇంకా చదవలేదు

పర్చూరు,
ఆదివారం.

చి.ల.సౌ. భవ్యకు అమ్మ దీవించి రాసేది. ఇక్కడ జ్వరాలూ నొప్పులూ ఏమీ లేవు, రెండు పూటలా అన్నం సయిస్తోంది, కాబట్టి క్షేమమనే రాస్తున్నాను. నువ్వూ అల్లుడుగారూ కులాసాగా ఉండాలని పొద్దున దీపం పెట్టేటప్పుడు కోటప్పకొండ స్వామికి చెప్పుకున్నాను.

నీ ఉత్తరం సోమవారం పత్తి మిల్లుకే వచ్చింది. ఏడు వారాల తర్వాత నీ చేతిరాత. అన్నం బెల్లు కొట్టేదాకా కవరు చింపకుండా కొంగున కట్టుకుని తిరిగాను. మూడు పేజీలు నీ ఉద్యోగం గురించి రాసి, అడుగున నాలుగు లైన్లు మాత్రం వేరేగా రాశావు. "బిడ్డ నిలవలేదని ఆ ఆదివారం ఫోను చేసి చెప్పాను. నువ్వు 'మంచిదమ్మా, అంతా స్వామి దయ' అన్నావు. ఏడు వారాలుగా ఆ మాటే తలుచుకుంటున్నాను. ఎందుకలా అన్నావమ్మా?"

దానికి జవాబు ఈ ఉత్తరంలోనే రాస్తాను. తప్పించుకోను. అయితే ముందు నీ మూడు పేజీల గురించి రాయనీ. నా జవాబు నాకు అక్కడే దొరికింది.

నువ్వు అడిగినవి కూడా చెప్పేస్తాను. వంటింటి పెంకులు సర్దించాను, కారటం లేదు. ఎదురింటివాళ్ళు కల్లంలో మిరపకాయలు ఆరబోశారు, గాలి ఇటు తిరిగిందంటే వీధంతా తుమ్ములే. మీ నాన్న సైకిలు ఎవరికీ ఇవ్వలేదు. సోమవారాలు గుడికి వెళుతున్నాను.

నీ పని ఏమిటో మిల్లులో అందరూ అడుగుతున్నారని కిందటి ఉత్తరంలో రాశాను కదా. నీ జవాబు హనుమాయమ్మకు చదివి వినిపించాను. పన్నెండేళ్ళుగా నా పక్క జిన్ను మీద పనిచేసే హనుమాయమ్మే. కంప్యూటర్లో పైకి కనపడే ప్రోగ్రాములేవీ బయటికి పోయే తీగను సొంతంగా ముట్టుకోకూడదని, దేనికైనా లోపలుండి అన్నీ నడిపించే కెర్నెల్‌నే అడగాలని రాశావు. ప్రోగ్రాము వచ్చి సాకెట్ అనే కిటికీ దగ్గర నిలబడి కబురు అందిస్తుంది. కెర్నెల్ దాన్ని ముక్కలు చేసి, వరస గుర్తుపెట్టి, చిరునామా కట్టి తీగలోకి వదులుతుంది. అవతలి కంప్యూటర్లోని కెర్నెల్ ఆ ముక్కలు అందుకుని, వరసలో పేర్చి తన దగ్గర కుప్ప పెట్టుకుని, "అందింది" అని ఇటు చెబుతుంది. ఆ మాట రాకపోతే ఇవతలిది అదే ముక్క మళ్ళీ పంపుతుంది. రెండు వైపులా ఒప్పుకుని నడిచే ఈ పద్ధతే ప్రోటోకాల్ అన్నావు.

హనుమాయమ్మ అన్నం ముద్ద చేతిలో పట్టుకుని విన్నది.

"కుప్ప నిండిపోతే ఏం చేస్తదంట?" అంది.

"జాగా లేదు, పంపొద్దని చెబుతుందట."

"మనం చెయ్యెత్తినట్టు. మీ భవ్య ఆ ఊరెళ్ళి చదివింది మన జిన్ను సంగతేనన్నమాట. ఇంతోటిదానికి ఏసీ గదులు."

నిజమే. పత్తి మోసేవాడు మా ముందు కుప్ప పోస్తుంటే, ఎక్కువైనప్పుడు మేము చెయ్యి ఎత్తుతాం. వాడు మూట దించకుండా అలాగే నిలబడతాడు. చెయ్యి దించితే మళ్ళీ పోస్తాడు. గింజా దూదీ విడదీస్తూ ఇరవై నాలుగు జిన్నులు ఆడుతుంటే నోటి మాటతో పని జరగదు. ఖలీల్ మేస్త్రీ వచ్చి ఏదో అరుస్తాడు. మేము తల ఊపుతాం. ఊపేదాకా అరుస్తూనే ఉంటాడు కనుక ముందు ఊపేస్తాం. ఏం చెప్పాడో తర్వాత పక్కవాళ్ళ చేతులు చూసి తెలుసుకుంటాం. కొత్తగా వచ్చినవాళ్ళకు మొదటి రోజు నేర్పేది ఇదే. నేనే ఎంతోమందికి నేర్పాను.

మూడో పేజీలో నీ తిప్పల గురించి రాశావు. మీ కంపెనీ పంపిన కబుర్లన్నిటికీ అవతలినుంచి "అందింది" అని వస్తూనే ఉందట, పని మాత్రం జరగటం లేదట. మూడు రోజులు వెతికితే, అక్కడ చదవాల్సిన ప్రోగ్రాము ఎక్కడో చిక్కుకుని నిలిచిపోయి ఉందట. "అందింది అనేది కెర్నెల్ మాట అమ్మా. చదివాను అనేది ప్రోగ్రామే చెప్పాలి. మావాళ్ళు రెండూ ఒకటే అనుకున్నారు" అని రాశావు. ఆ లైను దగ్గర నేను ఆగిపోయాను. హనుమాయమ్మ నా మోకాలు తట్టి "తర్వాత?" అని అడిగింది. తర్వాత ఉన్నది నీ నాలుగు లైన్లు. అవి ఆమెకు చదవలేదు. నాలో నేను చదువుకుని కాగితం మడిచేశాను.

బుధవారం మిల్లులో నిప్పు పుట్టింది. కంగారు పడకు, ఎవరికీ ఏమీ కాలేదు. నా జిన్నులో పత్తితోపాటు రాయి పడి రవ్వలు లేచాయి. ఖలీల్ దూరంనుంచి చూసి "ఆపక్కా, ఆపు" అని అరిచాడట. నేను అతని వైపు తిరిగి, బాగా అర్థమైనట్టు తల ఊపి, ఇంకో రెండు చేతుల పత్తి లోపలికి తోశాను. పొగ వచ్చేసరికి అతనే పరుగెత్తుకొచ్చి స్విచ్చి కట్టేశాడు. ఇసుక బక్కెట్లతో ఆర్పారు.

మిషన్లన్నీ ఆపాక నన్ను బయట గింజల గుట్ట దగ్గరకు తీసుకెళ్ళాడు. తిడతాడనుకున్నాను. "అటు తిరిగి నిలబడక్కా" అన్నాడు. తిరిగాను. కొంతసేపటికి ముందుకొచ్చాడు. అతని ముఖం తెల్లబోయి ఉంది.

"మూడుసార్లు పిలిచాను అక్కా. మూడోసారి నీ జడకి జానెడు దూరంలో నిలబడి పిలిచాను."

నేను తల ఊపాను.

"ఊపబాకు," అన్నాడు. "దణ్ణం పెడతాను, ఆ ఊపుడొకటి మానెయ్. ఎన్నాళ్ళబట్టి?"

హనుమాయమ్మ కూడా వచ్చింది. ఎప్పుడూ "నీకు ఆస్తి రాసిస్తానన్నా ఊపుతావు, గొంతు కోస్తానన్నా ఊపుతావు" అని నన్ను ఆటపట్టించేది. ఆ రోజు మాత్రం నా చెయ్యి పట్టుకుని కూర్చుంది.

శుక్రవారం ఆమే చీరాలలో డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళింది. చెవులకు ఏవో తగిలించి పరీక్ష చేశారు. మిల్లు మోతకు ఏళ్ళ తరబడి లోపల దెబ్బ తిన్నదట. పోయింది తిరిగి రాదట. చెవికి మిషను పెట్టుకుంటే కొంత మేలట. ఇలాంటి చెవుడులో సన్నని శబ్దాలు ముందు పోతాయట, ఆడవాళ్ళ గొంతులూ పిల్లల గొంతులూ కష్టమవుతాయట, మగవాళ్ళ బొంగురు గొంతులు ఇంకొన్నాళ్ళు తెలుస్తాయట, నాకు అవీ తగ్గిపోయాయట. గుళ్ళో గంట ఊగడమే చూస్తున్నాను కానీ మోత తెలియటం లేదని అప్పుడు ఆయనకు చెప్పాను. మనిషన్నవాళ్ళకు ఆ సంగతి చెప్పటం అదే మొదటిసారి. స్వామికైతే ముందే తెలుసు.

ఇప్పుడు నీ ప్రశ్న, భవ్యా.

ఆ ఆదివారం నువ్వు చెప్పింది నాకు వినపడలేదు. ఫోను చెవికి అదిమి పెట్టుకుంటే నీ గొంతు అందింది, మాట అందలేదు. స్కానింగుకు వెళుతున్నానని అంతకుముందు ఉత్తరంలో రాశావు. ఆ కబురే చెబుతున్నావనుకున్నాను. నీ గొంతు వణుకుతూ వచ్చింది. నవ్వుతున్నావనుకున్నాను. అందుకని "మంచిదమ్మా, అంతా స్వామి దయ" అన్నాను. నా బిడ్డ ఏడుస్తుంటే నేను సంతోషపడ్డాను. బిడ్డ నిలవలేదని నాకు తెలిసింది మొన్న సోమవారం, నీ ఉత్తరంలో.

ఈ ఏడు వారాలూ మిల్లులో అడిగి తెచ్చుకున్న మంచి దూదితో చిన్న పరుపు కుడుతూ ఉన్నాను. అంచులు కూడా పూర్తయ్యాయి. సోమవారం ఇంటికి వచ్చి దాన్ని ఏం చెయ్యాలో తెలియక ట్రంకుపెట్టెలో మీ నాన్న బట్టల కింద పెట్టాను.

ఇది ఆ ఒక్క రోజు సంగతి కాదమ్మా. ఏడాది పైనుంచీ ఇంతే. ఎదురుగా ఉన్నవాళ్ళ మాట పెదవులు చూసి పోల్చుకుంటాను, ఫోనులో ఆ దారి లేదు. "ఆఁ", "సరేనమ్మా", "స్వామి దయ" అని నీ మాటల మధ్య ఖాళీ వచ్చినప్పుడల్లా అనేదాన్ని. ఫోనులో తృప్తిగా ఉండదు, ఉత్తరాలు రాయమని నిన్ను అడిగింది కూడా ఇందుకే. పెద్ద ఫోను పంపుతానంటే వద్దన్నాను. అందులో నా ముఖం చూస్తే కనిపెట్టేస్తావని భయం. నోటితో అబద్ధం చెప్పలేదని ఇన్నాళ్ళూ మనసును సరిపెట్టుకున్నాను. కానీ స్వామి పేరును తల ఊపడానికి వాడుకున్నాను. అది ఆయన క్షమించినా, నువ్వు క్షమించాలి.

ఎందుకు దాచావంటావు. జిన్ను మీదనుంచి తీసేస్తారని కొంత. ఉద్యోగం మాన్పించి నీ దగ్గరకు రమ్మంటావని కొంత. అసలు కారణం రాయటానికి సిగ్గుగా ఉంది. వారానికి నీ ఫోను ఒక్కటే. అర్థం కాకపోయినా ఆ పావుగంట నీ గొంతు చెవిని తాకుతూ ఉండేది. వినపడటం లేదంటే నువ్వు మాట్లాడటం తగ్గిస్తావని, రెండు ముక్కల్లో కానిచ్చి పెట్టేస్తావని భయపడ్డాను. చివరికి ఆ మాట దాచినందుకే నీ ఫోను పూర్తిగా ఆగిపోయింది. ఆదివారాలు ఆ వేళకు ఫోను ఒళ్ళో పెట్టుకుని కూర్చునేదాన్ని. మోగితే తెలియదని, వణికితే తెలుస్తుందని.

నన్ను గింజల షెడ్డుకు మార్చారు. మిషన్లు లేవు, అక్కడ చాలా నిశ్శబ్దమని ఖలీల్ అన్నాడు. నాకు తేడా తెలియలేదు. ఒక్కదాన్నే కూర్చుని గింజల్లో చెత్త ఏరుతున్నాను. తల ఊపటానికి ఎవరూ రారు. హనుమాయమ్మ అన్నం బెల్లుకు వచ్చి నా ఎదురుగా కూర్చుని, పెదవులు పెద్దగా కదుపుతూ కబుర్లు చెప్పి పోతుంది.

ఈ ఉత్తరం నీకు చేరటానికి నాలుగైదు రోజులు పడుతుంది. వచ్చే వారం శనివారం చీరాలలో రైలెక్కుతున్నాను. ఖలీల్ పది రోజులు సెలవు రాయించాడు. స్టేషన్లో నన్ను వెనకనుంచి పిలవొద్దని అల్లుడుగారికి చెప్పు, నువ్వూ పిలవొద్దు. ఎదురుగా వచ్చి నిలబడండి.

ఇంటికి వెళ్ళాక వెలుతురున్న చోట, నా ముందు కూర్చో. ఆ ఆదివారం చెప్పింది మొదటినుంచి మళ్ళీ చెప్పు. కష్టమని తెలుసు, ఒకసారి చెప్పిందే మళ్ళీ చెప్పమంటున్నాను. అయినా చెప్పు తల్లీ. ఆసుపత్రిలో ఏమన్నారు, నీ పక్కన ఎవరున్నారు, ఆ రోజు ఏం తిన్నావు, అన్నీ. ఈసారి నేను తల ఊపను. సరేనమ్మా అనను. అర్థం కాని చోట చెయ్యి ఎత్తుతాను, నువ్వు ఆగు. దించాక అక్కణ్ణుంచే మళ్ళీ చెప్పు.

ఇట్లు,
నీ మాట ఇంకా వినవలసి ఉన్న
మీ అమ్మ