ఆమినస్‌కి ఒక ఉదాహరణ

నాన్నగారికి,

పక్క బల్ల దగ్గరే కూర్చున్న మనిషికి ఉత్తరం రాయాల్సి రావడం నా ఖర్మ. నిఘంటువు గదిలో నోరు మెదపకూడదు, ఏమున్నా కాగితం మీద పెట్టాలి అన్నది మీరు పెట్టిన నియమమే కదా!

'ఆమినస్' అన్న ఇంగ్లీషు మాటకి నేను రాసిన కార్డు ఇవాళ తొమ్మిదోసారి తిప్పి పంపారు. 'కీడు సూచించే' అన్న అర్థానికి సరేనన్నారు. పేచీ అంతా ఉదాహరణ దగ్గరే. 'ఆమినస్‌గా కమ్ముకున్న మబ్బు' అని రాస్తే, ఎర్ర పెన్సిలుతో 'ఎవరి నెత్తిమీద?' అన్నారు. 'మెట్లమీద ఆమినస్ చప్పుడు' అంటే 'పిల్లి కావచ్చు' అన్నారు. పోనీ అని 'ఆమినస్ నిశ్శబ్దం' అన్నాను. 'అందరూ రాసేదే. నీ కళ్ళతో చూసింది రాయి' అని, కింద రెండు గీతలు కూడానూ! పదహారేళ్ళుగా మీ దగ్గర పనిచేస్తున్నాను. ఒక్క మాట కోసం ఇంతలా ఎప్పుడూ నా ప్రాణం తోడెయ్యలేదు.

సరే, కళ్ళతో చూసిందే రాస్తున్నాను. 'ఆసుపత్రి నుంచి వచ్చిన కవరు పదకొండు రోజులుగా సొరుగులో, అంటించింది అంటించినట్టే, ఆమినస్‌గా పడి ఉంది.' నిన్న గుండుసూదుల కోసం మీ సొరుగు లాగితే కనబడింది. పైన మీ పేరు, తేదీ ఉన్నాయి. ఇంట్లో అమ్మ రోజూ "రిపోర్టు ఇంకా రాలేదాండీ?" అని అడుగుతుంటే, మీరు పేపర్లోంచి తలెత్తకుండా "వాళ్ళెప్పుడు టైముకిచ్చారు గనక!" అంటున్నారు. వింటుంటే ఒళ్ళు మండిపోతోంది నాన్నా. అంతకన్నా ఎక్కువ భయంగా ఉంది. ఒక్క మాట కోసం అలమారా అంతా తిరగేసే మనిషి ఒక్క కవరు చించలేరా? సాయంత్రంలోగా మీరు చించకపోతే నేనే చించుతాను. ఆ తర్వాత ఉద్యోగంలోంచి తీసేసినా సరే.

ఓపిక చచ్చిన
మీ పెద్దమ్మాయి

మా మొండిఘటానికి,

ఉదాహరణ బాగుంది. కానీ చెల్లదు. కీడు ఇంకా రాకముందే ఆ మాట వాడాలి. వచ్చి కూర్చున్నాక 'చెడ్డ' అంటే చాలు.

కవరు వచ్చిన రోజే చదివాను. చదివి, మళ్ళీ జిగురు రాసి అంటించాను. ఎవరూ చూడకపోతే ఇంకా రానట్టే అనిపించింది. ఇన్నేళ్ళొచ్చి చేయాల్సిన పని కాదు, తెలుసు.

నీ మబ్బులో తప్పేమీ లేదు. మొదటి కార్డే ఒప్పుకోవాల్సింది. ఈ కార్డు పూర్తయితే ఈ అక్షరం కార్డుల కట్టంతా నీకు అప్పగించాలి, ఎందుకు అప్పగిస్తున్నానో చెప్పాలి. ఆ చెప్పడం వాయిదా వేయడానికి నిన్ను తొమ్మిదిసార్లు ఏడిపించాను.

గడ్డ మంచిది కాదట. సోమవారం పొద్దున చేర్చుకుంటామన్నారు. ఆపరేషన్‌కి నేను సిద్ధమే, దానికేం. మీ అమ్మకి మాత్రం నువ్వే చెప్పు తల్లీ. నా వల్ల కావడం లేదు.

నాన్న