కూతకు అడ్డమొచ్చిన తల

నల్గొండ జిల్లా, దేవరకొండ తాలూకా, మర్రిగూడ పక్కన గొల్లగూడెంలో కాపురం ఉంటున్న నేను, మల్లయ్య కొడుకు బీరన్నను, వయసు సుమారు యాభై రెండేళ్ళు, వృత్తి గొర్రెల పెంపకం, ఎవరి బలవంతమూ ప్రేరేపణా లేకుండా, కల్లు ముట్టకుండా (పొద్దున్నే నా భార్య సత్తమ్మ ముంత దాచేసింది కాబట్టి ఇది నిజం), స్వస్థచిత్తంతో నోటితో చెప్పి, మిషన్ బడి పంతులు ఇస్రాయేలు చేత రాయించిన వీలునామా ఇది. నా తదనంతరం దీన్ని అమలు జరిపే పెద్దమనిషి కూడా పంతులే. రెండు నెలలుగా లేచి నిలబడితే కళ్ళు తిరుగుతున్నాయి. ఈ ఎండాకాలం దాటుతానన్న నమ్మకం లేదు. అందుకే ఈ తొందర.

1. స్వస్థచిత్తం అన్న మాట దగ్గరే నా అన్న కొడుకు మల్లప్పకు అభ్యంతరం ఉంది. "చిన్నాయిన తలకాయ చెడుగుడుల పగిలింది. ఆయన రాసిన కాయిదం చెల్లది" అని ఊరంతా చెప్పుకు తిరుగుతున్నాడు. ఆటలో నా తలకు నాలుగు దెబ్బలు తగిలిన మాట వాస్తవం. మొదటిది ఒకడి మోకాలు, రెండోది ఒకడి మోచెయ్యి. మూడోది మా జట్టువాడి తలే కాబట్టి దాన్ని దెబ్బ కింద తీసుకోను. నాలుగోది దిగువ వాడ భిక్షం నుదురు, దాని సంగతి ఐదో అంశంలో వస్తుంది. ఆ నాలుగో దెబ్బ తరువాత, తెలివి వచ్చాక, నన్ను దవాఖానకు మోసుకుపోయారు. డాక్టరు తన వేళ్ళు చూపించి ఎన్ని అని అడిగాడు. "నీ ఏళ్ళు నీకు ఎరుక లేదా సారూ" అన్నాను. ఆయన నవ్వి, మనిషి బాగానే ఉన్నాడు, తీసుకుపొండి అన్నాడు. ఇంతకన్నా సాక్ష్యం ఏం కావాలి? మందలో ఏ గొర్రె అరిచినా కళ్ళు మూసుకుని దాని తల్లి ఏదో చెప్పగలను. మల్లప్ప కళ్ళు తెరుచుకుని కూడా తన గొర్రెను పోల్చుకోలేడు.

2. ఇల్లు, దొడ్డి, చెలక భూమి, మందలో కింద చెప్పినవి పోగా మిగిలిన గొర్రెలన్నీ నా భార్య సత్తమ్మకు. ఇదేదో నేను ఇస్తున్నట్టు ఎవరూ అనుకోవద్దు. ఇవన్నీ మొదటినుంచీ ఆమె చేతి కిందే ఉన్నాయి. నేను ఒప్పుకుంటున్నాను, అంతే. ఇవి కాక, దూలానికి వేలాడుతున్న నా తలరుమాలు. దెబ్బ తగిలిన రోజు రక్తం దాని మీద అట్లాగే ఉంది. ఇంటికి వచ్చిన ప్రతి మనిషికీ చూపించాను, చుట్టాలకైతే అన్నం పెట్టకముందే చూపించాను. పన్నెండేళ్ళుగా సత్తమ్మ దాన్ని ఉతుకుతానంటే నేను పడనివ్వలేదు. ఇప్పుడు ఉతుక్కోవచ్చు.

3. హాలియాలో ఉన్న నా బిడ్డ గుర్వమ్మకు ఐదు ఈనే గొర్రెలు, నా నల్ల గొంగడి. చిన్నప్పుడు వానలో మంద వెంట నడిచేటప్పుడు ఆ గొంగడి కిందికే దూరేది, రెండు కాళ్ళు మాత్రం బయటికి కనబడేవి. దాన్ని అమ్మొద్దు, కోసి సంచులు కుట్టొద్దు. అది చూస్తే నేను గుర్తు రావాలి. నాకు బిడ్డ అంటే చాలా ప్రేమ. ఎదురుగా ఎన్నడూ అనలేదు కాబట్టి కాగితంలో రాయిస్తున్నాను.

4. మల్లప్పకు మా పొడిచే పొట్టేలు. కొమ్ములతో సహా. ఎవరి తల బాగుందో వాళ్ళిద్దరూ తేల్చుకోవాలి. మధ్యలో ఎవరూ విడిపించొద్దు.

5. ఇక అసలు సంగతి. శ్రీముఖ నామ సంవత్సరం శివరాత్రి జాతరలో, వాగు ఇసుకలో, ఎగువ వాడకూ దిగువ వాడకూ చెడుగుడు జరిగింది. నేను ఎగువ వాడ పెద్దను. దిగువ వాడ నుంచి భిక్షం కూతకు వచ్చాడు. అప్పటికి వాడికి ఇరవై నాలుగేళ్ళు, ఆ చుట్టుపక్కల వాడంత దమ్ము పట్టేవాడు లేడు. ఇద్దరి తలలూ గుద్దుకున్నాయి. వాడి నుదురు కమిలింది, నా తల పగిలింది. మూడు రోజులు నాకు తెలివి లేదు.

పెద్దలు కూర్చుని భిక్షాన్ని అడిగారు, ముందర మనిషి ఉంటే జరుగు అని ఎందుకు అరవలేదు అని. "నోట్ల కూత ఉండె, ఎట్ల పలకాలె?" అన్నాడు. ఆడేవాళ్ళకు ఇది న్యాయమైన మాట. కూతకు పోయినవాడు ఒక్క ఊపిరిలో చెడుగుడు అంటూనే ఉండాలి, నడుమ ఇంకో మాట అంటే ఆట పోతుంది. పెద్దలకు మాత్రం అది పొగరులా వినిపించింది. "తల పగిలినోడు నోరారా మాఫీ అన్నదాక వీడు బరిల అడుగు పెట్టొద్దు" అని తీర్పు చెప్పారు.

ఈ వెలి ఒక నెలో రెండు నెలలో పోతుందనుకున్నారు. నేను పన్నెండేళ్ళు నోరు విప్పలేదు. ప్రతి శివరాత్రికీ భిక్షం వాగు అవతల బండ మీద, వీపు ఆటవైపు పెట్టి కూర్చుంటాడు. ఎవరైనా మంచి కూత పడితే వాడి మెడ కదలడం నేను చూశాను. చూసి సంతోషపడ్డాను కూడా. ఆ సంతోషం తలుచుకుంటే ఇప్పుడు సిగ్గుగా ఉంది.

అంతకన్నా సిగ్గుపడే మాట ఇంకొకటి ఉంది. ఆ గుద్దు నాకు గుర్తు లేదు. ఆ పొద్దున జొన్న గట్క తిన్నది గుర్తుంది, ఆ తరువాత గుర్తున్నది మా ఇంటి దూలం. ఏమీ తెలియకుండానే ఏటేటా ఆ కథ చెప్పాను. మొదటి ఏడాది కథలో భిక్షం ఉరికి వచ్చాడు. మూడో ఏటికి పళ్ళు కొరుకుతూ వచ్చాడు. ఏడో ఏటికి వాడి పిడికిట్లో రాయి కూడా పెట్టాను.

నేను మాఫీ అనకుండా పోతే వాడి వెలి ఎవరూ తీయలేరు, చచ్చేదాకా ఆ బండ మీదే కూర్చోవాలి. గుర్తు లేదని రాయిస్తే మల్లప్పకు పండగ. చిత్తం చెడిందని నేనే ఒప్పుకున్నట్టవుతుంది, సత్తమ్మ చేతికి వచ్చేది కూడా పోవచ్చు. అందుకే ఆమెను అడిగాను. "రాయించు" అన్నది. కాబట్టి రాయిస్తున్నాను: ఆ ఒక్క పూట తప్ప నా చిత్తం అన్నిటికీ స్వస్థమే, భిక్షానికి పూర్తిగా మాఫీ.

6. పై మాట రాస్తుండగా సత్తమ్మ గడప దగ్గర నుంచి చెప్పినది, పంతులు విన్నది విన్నట్టు రాశాడు: "గొర్లు జొన్న చేన్ల పడ్డయని నేనే మొత్తుకున్న. నువ్వు నా దిక్కు మర్లినవ్. నేను గొర్ల ఎంట ఉరికిన, మల్ల జూసేటాల్లకు నువ్వు పడున్నవ్. నా పిలుపుకే నీ తల పగిలిందంటరని భయమై ఊకున్న. పన్నెండేండ్ల సంది నువ్వు కథ చెప్పుడే గని ఒక్కనాడన్న నన్ను అడిగినవా?"

అడగలేదు. తప్పు నాది. గొర్రెలు చేన్లో పడితే ఏ గొల్లవాడైనా మెడ తిప్పుతాడు, ఆమె తప్పు అణువంత లేదు.

7. ఇక్కడ పంతులు కలం ఆపాడు. "వీలునామా నువ్వు పోయినంక చెల్లేది బీరన్నా. పెద్దలు నోరారా అన్నరు. పోయినోని నోరు ఎట్ల పలుకుతది?" అన్నాడు. చదువుకున్నవాడిని పిలిచినందుకు మంచే జరిగింది. కాగితం మీద రాయి పెట్టి, సత్తమ్మ భుజం పట్టుకుని దిగువ వాడకు నడిచాను. రెండుచోట్ల కూర్చోవలసి వచ్చింది. కిందిదంతా తిరిగి వచ్చాక చెప్పినది.

8. తీర్పు చెప్పిన పెద్దల్లో ఇప్పుడు సోమన్న తాత ఒక్కడే మిగిలాడు. ఆయన వినాలి కదా అని ముందు ఆయన్ను వెంటబెట్టుకుపోయాం. భిక్షం వాకిట్లో గొర్రెకు ఉన్ని కత్తిరిస్తున్నాడు. "భిక్షం, మాఫీ. తప్పు నీది కాదు, నేనే పక్కకు చూసిన" అన్నాను. సోమన్న తాతకు చెవుడు. "ఏమంటడు?" అన్నాడు. మళ్ళీ అరిచాను. "ఆఁ?" అన్నాడు. మూడోసారికి దిగువ వాడంతా వాకిట్లోకి వచ్చింది. ఒక మాఫీ చెప్పడానికి పన్నెండేళ్ళు తీసుకున్నవాడిని, మూడు మాఫీలు ఇచ్చి వచ్చాను. తాత తల ఊపి, తీర్పు తీరిపోయిందన్నాడు.

భిక్షం కత్తెర కింద పెట్టాడు. "నీకు యాది లేదని నాకు ఎరుకే అన్నా" అన్నాడు. నీకెట్లా తెలుసు అన్నాను. "మూడోనాడు నిన్ను జూడొచ్చిన. నువ్వు కండ్లు తెరిసి నన్ను జూసి నవ్వినవ్. ఎవలు గెలిచిన్రు భిక్షం అని అడిగినవ్. గప్పుడు మీ అన్న చెప్పిండు, కొట్టింది వీడే అని. నీ మొఖం మారింది. ఇగ నేను లేచి వచ్చిన."

మేమే గెలిచామని మా వాడవాళ్ళు నాకు చెప్పారు. ఎట్లా గెలిచామో ఎవరూ చెప్పలేదు. అది భిక్షాన్నే అడిగాను. "నువ్వు పడ్డంక గూడ నాకు దమ్ము ఉండె. నాలుగు అడుగులు ఉరికి గీత ముడితే ఆట మాదే. కూత ఇడిచి, అన్నా అని నిన్ను లేపిన" అన్నాడు.

నేను అక్కడే వాడి వాకిట్లో, అందరి ముందరా ఏడ్చాను. మల్లప్ప దీన్ని కూడా చిత్తం చెడినందుకు గుర్తుగా చూపిస్తే చూపించుకోనీ.

9. శ్రీముఖ సంవత్సరం శివరాత్రి ఆట గెలుపు ఇన్నేళ్ళూ ఎగువ వాడ అనుభవంలో ఉంది. దాన్ని సమస్త హక్కులతో దిగువ వాడకు రాసి ఇస్తున్నాను. నేనుగానీ, నా వాడవాళ్ళుగానీ, నా వారసులుగానీ ఇకమీద దాని మీద ఎలాంటి దావా చేయరాదు. భిక్షం పేరునే రాయమన్నాను గానీ, సాక్షికి ఏమీ ముట్టకూడదని పంతులు అన్నాడు. భిక్షాన్ని అడిగితే, గెలుపు వాడకు ఇయ్యి, నేను సాక్షిగా ఉంటానన్నాడు.

ఇది నాకు చదివి వినిపించగా విని, సమ్మతించి, వేలిముద్ర వేశాను.

పార్థివ నామ సంవత్సరం, మాఘ బహుళ పంచమి, ఫసలీ 1355. గొల్లగూడెం.

బీరన్న, ఎడమ బొటనవేలి ముద్ర.

రాసినవాడు: ఇస్రాయేలు, బడిపంతులు, చేవ్రాలు.

సాక్షులు:
సోమన్న, వేలిముద్ర. (మూడుసార్లు చదివి వినిపించడమైనది.)
భిక్షం, దిగువ వాడ చెడుగుడు ఆటగాడు, వేలిముద్ర.