ధనమ్మ బట్టలుతికే బండ

1964 ఫిబ్రవరి 3, సోమవారం. మాచర్ల

ఇవాళ నూట పన్నెండో ట్రిప్పు. నూట పన్నెండోసారి అదే మాట. లేడీస్ అండ్ జెంటిల్మెన్, ఎత్తిపోతల, డెబ్బై అడుగుల జలపాతం. జలపాతానికి విసుగు లేదు. నాకు ఉంది.

చెన్నకేశవరావు గారి వ్యాన్. పొద్దున ఎనిమిదికి రైలు దిగినవాళ్ళను ఎక్కించుకోవాలి, ఒంటిగంటకు మళ్ళీ స్టేషన్లో దించాలి. దీని పేరు హాఫ్ డే టూర్. ఎత్తిపోతల, మేడిరేవు, డ్యాం. మధ్యాహ్నం నుంచి అదే వ్యాన్ నెత్తిన సినిమా బోర్డు కట్టుకుని ఊరంతా తిరుగుతుంది. మౌలాలీ భాయ్ డ్రైవరు. నేను గైడు. ఇంటరు తప్పినవాడికి ఇంగ్లీషు వస్తే ఇదే ఎక్కువ అని మా అమ్మ అభిప్రాయం.

విశాఖపట్నంలో ఒక కంపెనీ ఇలాంటి టూర్లే నడుపుతుందట. హార్బరు, లైట్‌హౌసు, బీచి, చుట్టుపక్కల జాలరిపల్లెలు. బెంగాలీలు, గుజరాతీలు, ఆంగ్లో ఇండియన్లు, షిప్పు దిగిన తెల్లవాళ్ళు. అప్లికేషన్ పోస్టు చేసి ఇరవై రోజులయింది. రోజూ పోస్టాఫీసు ముందు నుంచి నడుస్తున్నాను, పని లేకపోయినా.

ఫిబ్రవరి 11, మంగళవారం

ఇవాళ అబద్ధం చెప్పాను.

మేడిరేవులో చూపించడానికి ఏమీ లేదు. డ్యాం లేస్తే మునిగిపోయే ఊరు. సగం జనం మాచర్ల రోడ్డు పక్కన కట్టిన కొత్త కాలనీకి పోయారు. మిగిలింది మొండిగోడలూ, కృష్ణా. మద్రాసు నుంచి వచ్చిన రిటైర్డ్ జడ్జిగారు వాచీ చూసుకుంటున్నారు. నాకు ఒళ్ళు మండింది. ఎదురుగా ధనమ్మ పెద్దమ్మ ఇంటి ముందు బట్టలుతికే బండ కనిపించింది. నాపరాయి, మధ్యలో గుంట. మునిగే ఊళ్ళలో పాత శిల్పాలు వెతకడానికి వచ్చిన తవ్వకాల ఆఫీసరు కూడా చూసి, ఉత్త రాయి అని వదిలేసిన బండ.

నా నోరు ఊరుకోలేదు. పూర్వం ఒక రాణి, ఏరు దాటి యుద్ధానికి పోయిన పెనిమిటి కోసం ఈ బండ మీద పన్నెండేళ్ళు నిలబడిందని చెప్పాను. ఆ గుంట ఆమె పాదాలదన్నాను. అక్కడితో ఆగానా? ఎంత వరద వచ్చినా నీళ్ళు ఈ బండ దాకా వచ్చి, రాణి పాదం ముట్టి, వెనక్కి పోతాయన్నాను.

జడ్జిగారు వాచీ వదిలేశారు. ఒక కలకత్తా ఆవిడ కొప్పులో పువ్వు తీసి బండ మీద పెట్టింది.

పెద్దమ్మ గుమ్మంలో కూర్చుని చింతపండు గింజలు తీస్తోంది. డెబ్బై ఏళ్ళు ఉంటాయి, పిల్లలు లేరు. ఆరోగ్యస్వామి అని నా పేరు పలకలేక సామీ అంటుంది. ఏంది సామీ, నా బండకు పూలు పెడతన్నారు అని అడిగింది. తెలుగులో మళ్ళీ చెప్పక తప్పలేదు. నోటికి కొంగు అడ్డం పెట్టుకుని చానాసేపు నవ్వింది.

ఫిబ్రవరి 20, గురువారం

మేడిరేవు స్టాపు పన్నెండు నిమిషాల నుంచి ఇరవైకి పెరిగింది. రావు గారు నా భుజం తట్టారు.

మార్చి 6, శుక్రవారం

బండకు పసుపు రాసి ఉంది. కుంకుమ బొట్లు. పెద్దమ్మ ఇప్పుడు బట్టలు ఏటి ఒడ్డుకు తీసుకుపోయి ఉతుక్కుంటోంది. ఊరు వదిలి పోయేవాళ్ళు బండ మీద కొబ్బరికాయ కొట్టి బళ్ళెక్కుతున్నారు.

పెద్దమ్మ అక్క కొడుకు యల్లమంద కాలనీలో తన పక్కనే ఆమెకు గది వేశాడు. నెల క్రితమే ఆమె మూట కట్టుకుని కూర్చుంది. నిన్న అతను బండి తోలుకొస్తే ఎక్కనందట. నీళ్ళు ఈడ దాకా వచ్చి వెనక్కి పోతయ్యంటగా, నేనెందుకు కదలాల అందట. ఆ మాట యల్లమంద నాతో చెప్పి, పట్నపోళ్ళకు ఏందేందో చెప్పి ముసల్దాని బుర్ర చెడగొట్టావు అని వ్యాన్ ముందే తిట్టాడు. మౌలాలీ భాయ్ అటు తిరిగి టైరు చూసుకున్నాడు.

 

మార్చి 26, పెద్ద గురువారం

పాపసంకీర్తనానికి వెళ్ళాను. ఫాదర్ గారితో అన్నీ చెప్పాను. ఒక విగ్రహాన్ని పుట్టించాను ఫాదర్ అన్నాను. చెక్క జాలీ అవతల ఒక పొడి దగ్గు వినిపించింది. నవ్వు ఆపుకుంటున్నారని అనుమానం వచ్చింది. తర్వాత మాత్రం గట్టిగానే అన్నారు. ప్రార్థనలు తర్వాత, ముందు ఆ ముసలామెకు నిజం చెప్పు, ఆమె ప్రాణం నీ నోటి మీద ఉంది అన్నారు.

ఏప్రిల్ 2, గురువారం

చెప్పాను.

టూరిస్టులను ఏటి వైపు పంపించి గుమ్మం ముందు గొంతుక్కూర్చుని, రాణి లేదు, పెనిమిటి లేడు, అంతా నేను కల్పించాను, నీళ్ళు ఇంటి కప్పు మీదుగా పోతాయి అన్నాను. వక్క నములుతూ విన్నది. ఓరి పిచ్చి సన్నాసీ, ఆ గుంట నలభై ఏళ్ళు నేను గుడ్డలు బాదితే పడిందిరా, నాకు తెలవదా అంది.

మరి ఎందుకు కదలవు అని అడిగాను. అరిచాను అని రాయాలి.

ఆమె నెమ్మదిగానే చెప్పింది. మొగుడు పోయినాక ఈ వాకిట్లో ఒక్క మనిషి ఆగింది లేదట. ఇప్పుడు రోజూ పదిమంది, ఏ దేశపోళ్ళో, తన ఇంటి ముందు నిలబడి తనకు దణ్ణం పెడుతున్నారట. ఒక దొరసాని ఫోటో తీసి పోస్టులో పంపింది. దాన్ని చూరులో దాచుకుంది, తీసి చూపించింది. కాలనీలో నన్నెవురు చూస్తారు సామీ, యల్లమంద పెళ్ళాం అన్నం గిన్నె పెట్టి తలుపేసుకుంటది అంది.

నిజం చెబితే పని అయిపోతుందనుకున్నాను. ఫాదర్ గారు కూడా అలాగే అనుకున్నారు పాపం.

ఏప్రిల్ 18, శనివారం

రోడ్డు బాగాలేదని చెప్పి మూడు రోజులు మేడిరేవు ఎగ్గొట్టాను. ఎవరూ రాకపోతే తనే పోతుందని నా ఎత్తు. టూరిస్టులు రావు గారికి ఫిర్యాదు చేశారు. ఆయన బజార్లో అందరి ముందూ నన్ను కడిగేశారు.

సినిమా బోర్డుతో అటు వెళ్ళిన మౌలాలీ భాయ్ చెప్పాడు. మూడు రోజులూ ఆమె తల దువ్వుకుని, బండ కడిగి, ఒంటిగంట దాకా రోడ్డు వైపు చూస్తూ కూర్చుందట.

సోమవారం నుంచి మళ్ళీ వెళ్తున్నాం.

జూన్ 24, బుధవారం

విశాఖపట్నం నుంచి కార్డు! సెలెక్టెడ్. సెప్టెంబరు ఒకటిన చేరాలి. చంద్రవంక వాగు దాకా పరుగెత్తి, పనేమీ లేక తిరిగి పరుగెత్తుకొచ్చాను. అమ్మ దేవుడి పటం ముందు కొవ్వొత్తి వెలిగించింది. సముద్రం చూడబోతున్నాను.

అన్నం ముందు కూర్చున్నాక బండ గుర్తొచ్చింది. సగం తిని లేచాను.

జూలై 19, ఆదివారం

కృష్ణా ఎర్రగా వచ్చింది. డ్యాం దగ్గర అడ్డం తగిలి, వెనక్కి తిరిగి, మేడిరేవు మిరప చేలల్లో నిలబడింది. ఊళ్ళో ఒక్క ఇంట్లోనే పొయ్యి వెలుగుతోంది. తాలూకా ఆఫీసు వాళ్ళు రెండుసార్లు వచ్చి పోయారు. రాణి ఉండగా నాకేం భయం అని పెద్దమ్మ వాళ్ళతో అందట. నిజం తెలిసి కూడా!

స్టాపు కాలనీకి మారుద్దామని రావు గారిని బతిమాలాను. ఏరు లేని చోట రాణి ఎందుకయ్యా అన్నారు. ఆయన మాట తప్పని నేను అనలేను, కథ నాదే కదా.

జూలై 30, గురువారం

నీళ్ళకూ బండకూ మధ్య ముప్పై అడుగులు. మౌలాలీ భాయ్ అడుగులేసి కొలిచాడు. కూర్చోలేను, పడుకోలేను. పుస్తకం తెరిస్తే ఒకే లైను పదిసార్లు చదువుతున్నాను.

ఆగస్టు 2, ఆదివారం. ఉదయం 6

చర్చిలో పూజకు వెళ్ళడం లేదు. ట్రిప్పుకు వెళ్తున్నాను. వ్యాన్‌లో మోకులు, రెండు గడ్డపారలు, ఒక పలక చెక్క వేయించాను. ఎందుకని మౌలాలీ భాయ్ అడగలేదు.

సాయంత్రం 4

చేతులు బొబ్బలెక్కాయి. అయినా రాస్తాను.

నీళ్ళు ఎనిమిది అడుగుల్లో ఉన్నాయి. పెద్దమ్మ బండ పక్కనే నిలబడి ఉంది. దగ్గరికి వెళ్ళి, బండను తీసుకుపోతున్నాను, బండ ఎక్కడుంటే వ్యాన్ అక్కడ ఆగుతుంది అన్నాను. నన్ను పైనుంచి కిందికి చూసింది. వ్యాన్ ఆగితే చాలదంది. మీ రావు గారు రేపు ఇంకొకణ్ణి పెడితే వాడికి నేను తెలుసునా, నువ్వుంటావా, ఎన్నాళ్ళుంటావు అని అడిగింది.

జేబులో విశాఖ కార్డు ఉంది. నువ్వున్నన్నాళ్ళు అన్నాను.

అది ఆమెతో నా రెండో అబద్ధమో కాదో నాకే తెలియదు. నోట్లోంచి వచ్చేసింది, మొదటిది వచ్చినట్టే.

ఇవాళ వచ్చినవాళ్ళు ఏడుగురు. సేలం నుంచి ఇద్దరు అన్నదమ్ములు, డ్యాం మీద మిషన్లు నడిపే సర్దార్జీ, నాగపూరు స్కూలు మాస్టరు, హైదరాబాదు మార్వాడీ, ఆయన తమ్ముడు, ఒక జర్మన్ ఇంజనీరు. రాణి ఇల్లు మారాలి, సాయం పట్టండి అన్నాను. అందరూ చొక్కా చేతులు పైకి మడిచారు. ఒకరి భాషలో ఎత్తమంటే ఇంకొకరు దించారు. సర్దార్జీ కాలి మీద పడబోయింది. చివరికి మౌలాలీ భాయ్ దర్గా ఉత్సవంలో లాగా కేక పెడితే అందరి చేతులూ ఒక్కసారి లేచాయి. బండ లేచిన చోట తడి మట్టి, వానపాములు, ఎప్పుడో పడిపోయిన ఒక ఇత్తడి ఉంగరం. ఉంగరం పెద్దమ్మ తీసుకుంది, ఎవరిదో చెప్పలేదు.

బండను వ్యాన్ వెనక ఎక్కించి, పెద్దమ్మను ముందు సీట్లో కూర్చోబెట్టాం. ఆమె వ్యాన్ ఎక్కడం ఇదే మొదలు. కదలగానే, అందరికీ చెప్తావుగా, నాక్కూడా చెప్పు అంది. గొంతు సవరించుకుని తెలుగులో మొదలుపెట్టాను. ఎడమ వైపు మీరు చూస్తున్నది ధనమ్మ గారి బావి అన్నాను. కాదు, అది మా తోడికోడలిది, మాది చింత పక్కది అని సరిదిద్దింది. ఊరు దాటేదాకా నేను చెప్పడం, ఆమె దిద్దడం. నూట పన్నెండు కాదు, ఇన్ని వందల ట్రిప్పుల్లో ఆ ఊరి గురించి నాకు తెలిసింది సున్నా.

పుట్టి బుద్ధెరిగి ఎత్తిపోతల చూడలేదంది. ఆపాం. చాలాసేపు చూసి, ఇంతేనా అంది. నాకు ప్రాణం లేచొచ్చింది.

బండనూ పెద్దమ్మనూ కాలనీలో దించి మూడింటికి స్టేషన్ చేరాం. రైలు తప్పిపోయినందుకు ఒక్కరూ విసుక్కోలేదు. రావు గారు మాత్రం అందరి వంతూ తనే అరిచారు.

ఆగస్టు 5, బుధవారం

పెద్దమ్మ గుమ్మం మునిగిందట. గోడలు కూడా కనిపించడం లేదని మౌలాలీ భాయ్ చెప్పాడు.

ఆగస్టు 12, బుధవారం

కాలనీ రోడ్డు పక్కనే కాబట్టి పెట్రోలు మిగులుతోందని రావు గారు చల్లబడ్డారు. యల్లమంద భార్య రోజూ పొద్దున్నే అత్తగారికి తల దువ్వుతోంది. ఫోటోల్లో తనూ పడాలని.

ఆగస్టు 30, ఆదివారం

ట్రంకు సర్దాను. విప్పాను. మళ్ళీ సర్దాను. విశాఖ వెళ్ళాల్సిన బండి ఆరుంబావుకి.

అక్టోబరు 11, ఆదివారం. మాచర్ల

కాలనీ స్టాపు ఇరవై అయిదు నిమిషాలు. కథ ఇప్పుడు ఆమె చెబుతోంది. రాణి పేరు కూడా ఆమే పెట్టింది. బొంబాయి నుంచి వచ్చిన టూరిస్టు ఒకాయన చుట్టూ ఎర్రమట్టి బీడు చూసి, ఏరు ఎక్కడ అని అడిగాడు. పెద్దమ్మ ఇత్తడి ఉంగరం ఉన్న వేలుతో బండ అంచు చూపించింది. ఈడ దాకా వచ్చింది, నా పాదం ముట్టింది, వెనక్కి పోయింది అంది.

ఇంగ్లీషులో చెప్పాను.